ఈల వేసేదాకా

ఆ వేసవంతా ఆ ఇంట్లో జబ్బు లేని రోజంటూ లేదు. ఒకరోజు ఉబ్బసం, ఒకరోజు కామెర్లు, ఇంకోరోజు గుండెపోటు. అన్నీ తాతయ్యకే. పొద్దున ఆయాసంతో గోడ పట్టుకుని వంగిపోయిన మనిషి, సాయంత్రానికి వీధి చివర మంగలిషాపులో కాలు మీద కాలేసుకుని కబుర్లు చెబుతుండేవాడు. ఇంట్లోవాళ్ళు భయపడటం ఎప్పుడో మానేశారు. అదే వాళ్ళ కొంప ముంచుతుందని అప్పటికి ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్ళెవరైనా వచ్చి చెప్పినా, నవ్వి టీ ఇచ్చి పంపేసేవాళ్ళు.

ఇదంతా సిస్టరమ్మ కోసం. సిస్టరమ్మ అంటే తాతయ్య కూతురి కూతురు. నర్సింగ్ స్కూల్ ప్రవేశ పరీక్షకు ఆ పిల్ల మొదటిసారి దరఖాస్తు పెట్టిన రోజే ఆయన ఆ పేరు పెట్టేశాడు. సీటు రాలేదు గానీ పేరు మాత్రం అంటుకుపోయింది. కిరాణాకొట్టు అతను మొదలుకొని పక్కింటి పిల్లల దాకా అందరూ సిస్టరమ్మా అని పిలుస్తుంటే, రాని సీటు రోజుకు పదిసార్లు గుర్తొచ్చి ఆమెకు ఒళ్ళు మండేది.

సీటు పోయింది చదవక కాదు. ఆ పరీక్షలో ఒక భాగం ఉంటుంది. ఒక రోగి పరిస్థితి నాలుగు వాక్యాల్లో చెప్పి, ఇదేమిటి, నర్సుగా నువ్వు మొదట ఏం చేస్తావు అని అడుగుతారు. సిస్టరమ్మకు జవాబు ఠక్కున తట్టేది. గొడవంతా ఆ తర్వాతే. ఇంత తేలికైనది ఎందుకిస్తారు, ఇందులో ఏదో మెలిక ఉండి ఉంటుంది అనుకుని, పెట్టిన జవాబు కొట్టేసి ఇంకొకటి పెట్టేది. బయటికొచ్చి చూసుకుంటే కొట్టేసినవన్నీ సరైనవే. ఈసారి కూడా తప్పితే వయసు దాటిపోతుంది, ఇక రాసే అర్హత ఉండదు. నాన్న పనిచేసే డబ్బాల ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ దగ్గర ఒక స్టూలు ఆమె కోసం ఎదురుచూస్తోంది. నాన్న చెడ్డవాడేమీ కాదు. కూతుర్ని తెల్ల యూనిఫాంలో చూడాలని ఆయనకూ ఉంది. కాకపోతే, ఎందుకైనా మంచిదని సూపర్‌వైజర్‌తో ఒక మాట వేసి ఉంచాడు.

కోచింగ్ ఇచ్చే మేడమ్ ఒకప్పుడు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. రిటైరయ్యాక తన ఇంటి ముందుగదిలోనే బెంచీలు వేసి చెబుతోంది. నోరు కొంచెం పెద్దది, మనసు కూడా అంతే. "నీకు రోగం తెలియక కాదే, నీ మీద నీకు నమ్మకం లేక పోతున్నావు" అని సిస్టరమ్మను అందరి ముందూ కడిగేసేది. "కాగితం మీద చదివితే లాభం లేదు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రాక్టీస్ చెయ్. ఇంట్లో ఎవరూ లేరా?"

ఉన్నాడు. ఇంట్లో తాతయ్య ఉన్నాడు.

తాతయ్య జీవితమంతా బస్సు కండక్టరు. వయసులో ఉండగా ఎక్కే ప్రయాణికుణ్ణి, అతను దిగేలోపు అచ్చుగుద్దినట్టు దించేసేవాడు. ముసలమ్మల నడక, తాగుబోతుల మాట, కొత్త కోడళ్ళ బెరుకు, ఒకటేమిటి, చూసిందల్లా చేసి చూపించేవాడు. కంపెనీవాళ్ళిచ్చిన ఈల జేబులోనే ఉండేదట. ఆయన నోటితోనే, పెదవులు సున్నాలా చుట్టి, బస్సు ఆ చివర్నుంచి ఈ చివరిదాకా వినపడేలా ఈల వేసేవాడు. రిటైరయ్యాక ఆ విద్యలన్నీ ఇంట్లో మూలపడి ఉన్నాయి. మనవరాలు వచ్చి, నా మీద నాకు నమ్మకం లేదట తాతయ్యా అని ముక్కు చీదగానే ఆయనకు మళ్ళీ ఉద్యోగం దొరికినట్టయింది.

ఆట నియమాలు ఆయనే పెట్టాడు. గైడులోంచి ఒక జబ్బు తాను ఎంచుకుంటాడు. ఎప్పుడు మొదలుపెడతాడో చెప్పడు. ఒకసారి మొదలుపెట్టాక ఇక తాతయ్య కాదు, పేషెంటు. అవును, కాదు అని చెప్పడు. జబ్బు పేరూ, మొదట చేయాల్సిన పనీ రెండూ సరిగ్గా చెబితే ఈల వేస్తాడు. ఈల పడిందా, ఆట అయిపోయినట్టు. ఈల పడలేదా, జవాబు తప్పు, మళ్ళీ ఆలోచించుకోవాల్సిందే.

"మధ్యలో ఎవరన్నా సాయం చేశారో, చూడండి నా సంగతి" అని కూతురికీ అల్లుడికీ కూడా వార్నింగ్ ఇచ్చాడు.

మాట మీద నిలబడే మనిషి. కాలి నరంలో రక్తం గడ్డకట్టిన రోగిగా ఒకరోజు పొద్దున మొదలుపెట్టి, సిస్టరమ్మకు తట్టేసరికి సాయంత్రమైంది. అప్పటిదాకా ఎడమ కాలు ఈడ్చుకుంటూనే తిరిగాడు. అలాగే మంగలిషాపుకు వెళ్ళాడు, అలాగే కూరగాయలు తెచ్చాడు. చివరికి ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి జవాబు చెబితే, నడివీధిలో నిలబడి ఈల వేసి మామూలుగా నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. అప్పట్నుంచి వీధిలో అందరికీ అదొక సరదా. "ఏంటి పెద్దాయనా, ఇవాళేం జబ్బు?" అని అడగడం, ఆయన మూలుగుతూ చేయి ఊపడం, వాళ్ళు పగలబడి నవ్వడం.

ఫలితం కనబడుతూనే ఉంది. సిస్టరమ్మ తొందరగా చెప్పడం నేర్చుకుంది. చెప్పగానే ఈల పడుతుంటే, మార్చుకోవాలన్న దురద క్రమంగా తగ్గింది. మేడమ్ కూడా మాక్ టెస్టు కాగితం చూసి, "కొట్టివేతలు లేవే! ఏం మందు వేసుకున్నావు?" అంది. ఆ పిల్ల మురిసిపోయింది. తన జవాబు సరైనదో కాదో చెప్పడానికి బయట ఒక ఈల ఉండటం అలవాటైపోయిందనీ, నమ్మకం పెరిగింది తన మీద కాదు ఆ ఈల మీదనీ ఆమెకు తోచలేదు.

తాతయ్యకు బీపీ ఉంది. అది మాత్రం నటన కాదు. మేడమ్ దగ్గర యంత్రం అడిగి తెచ్చి సిస్టరమ్మ చూసినప్పుడల్లా పైనే ఉండేది. "మాత్ర వేసుకున్నావా?" అంటే, "పాత్రలో లీనమైతే రక్తం ఉడుకుతుందే, నీకేం తెలుసు" అనేవాడు. అందరూ నవ్వేవారు. నవ్వేశాక మాత్ర సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు.

పరీక్ష ఇంకో వారం ఉందనగా ఒకరోజు ఆయన చేతిలోంచి నీళ్ళ గ్లాసు జారి పడింది.

"చేతిలో పట్టు తప్పడం!" అని సిస్టరమ్మ గదిలోంచి అరిచింది. "ఇంకేమున్నాయి లక్షణాలు?"

తాతయ్య తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. వేళ్ళు ముడిచి చూశాడు, తెరిచి చూశాడు. "నేనింకా మొదలుపెట్టలేదే" అన్నాడు మెల్లగా. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో నవ్వు లేదు. కాసేపటికి వేళ్ళు మామూలుగా ఆడాయి. "సరేలే, అడక్కుండానే చెప్పావు. ఒక మార్కు వేసుకో" అన్నాడు. అమ్మ గ్లాసు తీసి నేల తుడిచింది. పరీక్ష దగ్గరపడుతుంటే పిల్లను కంగారు పెట్టడం ఎందుకని ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

పరీక్షకు ముందురోజు పొద్దున, తాతయ్య టీ తాగుతూ మనవరాల్ని పిలిచాడు.

"ఇవాళ ఆఖరిది. ఇన్నాళ్ళూ పెట్టినవన్నీ ఒకెత్తు, ఇది ఒక్కటీ ఒకెత్తు. ఏడిపిస్తా చూడు నిన్ను."

"రేపు పరీక్ష పెట్టుకుని ఏడిపిస్తానంటావేంటి తాతయ్యా!"

"పరీక్షవాళ్ళు నీకు చుట్టాలా? నాకంటే ఎక్కువే ఏడిపిస్తారు. సిద్ధంగా ఉండు."

ఆయన ఏ జబ్బు అనుకున్నాడో ఎవరికీ తెలియలేదు. తర్వాత కూడా ఎప్పటికీ తెలియలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. నాన్నకు సెలవు, ఇంట్లోనే ఉన్నాడు. తాతయ్య చేయి కడుక్కుని వచ్చి ముందుగదిలో తన కుర్చీలో కూర్చున్నాడు. మూతి తుడుచుకోబోతే తువ్వాలు చేతిలోంచి జారింది. తీసుకోవడానికి వంగలేదు. కుడిచేయి ఒళ్ళో పడి ఉంది, ఎవరిదో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు. ఏదో అనబోయాడు. మాట ముద్దగా వచ్చింది.

"అదిగో, మొదలుపెట్టారు మామయ్య" అని నాన్న పేపరు పక్కన పడేశాడు.

సిస్టరమ్మ ఎగిరి గంతేసి ఎదురుగా కుర్చీ లాక్కుంది. "నవ్వు తాతయ్యా." నోరు ఒక పక్కకే సాగింది. "రెండు చేతులూ ఎత్తు." ఎడమది లేచింది. కుడిది లేవలేదు. "నీ పేరు చెప్పు." గొంతులో ఏదో గరగర తప్ప పేరు లేదు. ఆమెకు నిజంగానే నిరాశ కలిగింది. ఏడిపిస్తానన్నది దీనికా? గైడులో మొదటి పాఠం ఇది.

"పక్షవాతం" అంది. "నోట్లో ఏమీ పెట్టకూడదు. ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఎప్పుడు మొదలైందో గుర్తుంచుకుని డాక్టరుకు చెప్పాలి."

అక్షరం తప్పు లేదు. తండ్రీకూతుళ్ళిద్దరూ ఈల కోసం చూశారు.

తాతయ్య పెదవులు కూడదీసుకున్నాడు. ఎడమ సగం ముందుకొచ్చింది, కుడి సగం రాలేదు. ఉత్త గాలి బయటికొచ్చింది, దాంతోపాటు కాస్త ఉమ్మి. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ గాలే.

"ఊరిస్తున్నారు చూడు!" అని నాన్న తొడ చరిచాడు. "ఈల వేయబోయి ఆపారు. అంటే దగ్గరికొచ్చావు గానీ, అది కాదన్నమాట."

"నాకప్పుడే అనుమానం వచ్చింది నాన్నా. కష్టమైనది పెడతానని ఇంత తేలికైనది ఎందుకు పెడతాడు?" అంది సిస్టరమ్మ. అంతే, సరైన జవాబును కొట్టేసింది. ఈసారి పెన్ను కూడా అక్కర్లేకపోయింది.

ఇలాగే కనిపించేవి ఇంకేమున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒంట్లో చక్కెర పడిపోయినా మాట తడబడుతుంది. అదేనేమో! నీళ్ళలో చక్కెర కలిపి తెచ్చి, చెంచాతో ఆయన నోట్లో పోసింది. ఆయనకు పొలమారింది. కళ్ళు ఎర్రబడి, ఛాతీ ఎగిరెగిరిపడేలా దగ్గాడు. నీళ్ళు మూతి పక్కనుంచి కారిపోయాయి. ఈల పడలేదు. ముఖం నరం వాచిందా? ఈల పడలేదు. మూర్ఛ వచ్చి తగ్గాక ఇలా అవుతుందా? పడలేదు.

అమ్మ వచ్చి ఆయన చొక్కా తుడిచింది. "చిన్నపిల్లాడిలా ఒళ్ళంతా చేసుకున్నావు నాన్నా. ఇంత చేయాలా? దానికి చెప్పెయ్యరాదూ, పాపం రేపు పరీక్ష." ఆయన ఎడమచేత్తో కూతురి మణికట్టు పట్టుకున్నాడు. "అ... డూ" అన్నాడు. అమ్మడూ అని పిలుస్తాడు ఆమెను, పుట్టినప్పట్నుంచీ. "నన్ను లాగొద్దు మీ ఆటలోకి, నాకవతల గిన్నెలున్నాయి" అని ఆమె నవ్వుతూ ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసుకుని వెళ్ళిపోయింది.

ఆఖరి క్లాసుకు వేళయింది. సిస్టరమ్మ బ్యాగు భుజాన వేసుకుంది. "నేనొచ్చి చెబుతా. అందాకా ఎవరూ సాయం చేయొద్దు. మేడమ్‌ను అడిగైనా పట్టుకుంటా దీన్ని." కుర్చీ దగ్గర వంగి తాతయ్య బుగ్గ గిల్లింది. కుడి బుగ్గ. మెత్తగా, వదులుగా చేతికి తగిలింది. "బాగా చేస్తున్నావు తాతయ్యా, నిజంగా. ప్రైజు ఇవ్వాలి నీకు."

తాతయ్య ఆమె వైపే చూశాడు. ఆమె చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు క్లాసు తెమల్లేదు. ఆఖరి రోజు కదా అని మేడమ్ అన్నీ మొదట్నుంచీ తిరగేసింది. ప్రతి ఒక్కరి సందేహాలూ విని, ప్రతి ఒక్కరినీ తిట్టి, ప్రతి ఒక్కరికీ ధైర్యం చెప్పింది. సిస్టరమ్మ చేయి ఎత్తలేదు. ఇంత తేలికైనది తెలియదా అని అందరి ముందూ నవ్వుతుందని భయం. ఒక్కొక్కరే వెళ్ళిపోయి, బయట వీధి దీపాలు వెలిగాక, చెప్పులు వెతుక్కుంటున్నట్టు గుమ్మం దగ్గర నిలబడి అడిగింది.

"మేడమ్, ఒక్కటి. మూతి ఒక పక్కకు పోయింది. కుడిచేయి లేవదు. మాట ముద్దగా వస్తోంది. కానీ పక్షవాతం కాదు. ఇంకేమవుతుంది?"

"పెద్ద వయసా?"

"అవును మేడమ్. బీపీ కూడా ఉంది."

"మరింకేం, పక్షవాతమే. కాదని నీకెవరు చెప్పారు?"

సిస్టరమ్మకు నవ్వొచ్చింది. "పేషెంటే చెప్పాడు మేడమ్. అంటే, మా తాతయ్య. జవాబు కరెక్టయితే ఈల వేస్తాడు. పక్షవాతం అని మధ్యాహ్నమే చెప్పాను, ఈల వేయలేదు. పెదాలు ఇలా పెట్టి, ఊరికే గాలి ఊదాడు."

బెంచీలు సర్దుతున్న మేడమ్ చేతులు ఆగిపోయాయి.

"నీ మూతి ఒక పక్కకు లాక్కుని ఈల వెయ్యి" అంది.

సిస్టరమ్మ బుగ్గను వేళ్ళతో పక్కకు లాగి ఊదింది. ఉత్త గాలి వచ్చింది. కాస్త ఉమ్మి వచ్చింది.

"మూతి వంకరపోయిన మనిషి ఈల ఎలా వేస్తాడే?" అంది మేడమ్. గొంతు పెద్దది చేయలేదు. ఎప్పుడూ అరిచే మనిషి అంత మెల్లగా మాట్లాడటం సిస్టరమ్మ ఎన్నడూ వినలేదు.

బ్యాగు అక్కడే పడేసి పరుగెత్తింది. మంగలిషాపు ముందు ఎవరో, "ఏం సిస్టరమ్మా, పెద్దాయనకు ఇవాళేంటి?" అని అడిగారు. ఆ పిల్లకు ఏడుపు రాలేదు. ఆగకుండా అలాగే పరుగెత్తింది.

ఇంట్లో ముందుగది దీపం వేయలేదు. "హుష్, ఆటలోనే నిద్రపోయాడు" అంది అమ్మ గుమ్మంలోనే. "టీ ఇస్తే కూడా తాగలేదు, అంత పట్టుదల." సిస్టరమ్మ స్విచ్చి వేసింది. తాతయ్య కుర్చీలో ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. కింద నేల తడిగా ఉంది. ఎంత పాత్రలో లీనమైనా, ఇస్త్రీ లేని చొక్కా వేసుకోని మనిషి, కూర్చున్నచోట బట్టలు తడుపుకోడు. అమ్మకు కూడా అది అప్పుడే అర్థమైంది. ఆమె అరుపు విని నాన్న లేచి పరుగెత్తుకొచ్చాడు.

ఆసుపత్రిలో స్కాను తీశారు. డాక్టరు చిన్న వయసావిడ, చాలా వేగంగా మాట్లాడుతోంది. మెదడులో రక్తం గడ్డ అడ్డుపడిందనీ, దాన్ని కరిగించే ఇంజెక్షను ఉందనీ చెప్పింది. నర్సు ట్రే తెచ్చి మంచం పక్కన పెట్టింది.

"ఎప్పుడు మొదలైంది?" అంది డాక్టరు.

"ఇప్పుడేనండీ" అంది అమ్మ. "గంట కూడా కాలేదు."

సిస్టరమ్మ తలెత్తి చూసింది. వేసవంతా తాను గట్టిగా చదువుతుంటే అమ్మ వంటగదిలోంచి వింటూనే ఉంది. తొలి గంటల్లో వస్తేనే ఆ మందు ఇస్తారని అమ్మకు తెలుసు. ఆ తర్వాతి వాక్యం మాత్రం అమ్మ విన్నట్టు లేదు. సమయం మించిపోయాక ఇస్తే మెదడులో రక్తం చిమ్మి ప్రాణమే పోవచ్చు. ఇప్పుడు నోరు మూసుకుంటే తాతయ్య మళ్ళీ మాట్లాడతాడేమో. లేదా ఈ రాత్రే పోతాడేమో. నోరు తెరిస్తే ఆ చేయి ఇక లేవదు, ఆ మాట ఇక రాదు, తెరిచింది తనే అవుతుంది.

"కాదండీ" అంది. "మధ్యాహ్నం భోజనమవగానే."

"దానికేం తెలియదండీ, అది ఇంట్లోనే లేదు!" అమ్మ ఆమె చేయి పట్టుకుని గుంజింది. "నోర్ముయ్యవే. నీకు దణ్ణం పెడతా, నోర్ముయ్."

"మధ్యాహ్నమే. మొదట చూసింది నేనేనండీ."

డాక్టరు ఆమె వైపు తిరిగింది. "చూసి?"

"పక్షవాతమని చెప్పాను."

"చెప్పి?"

"క్లాసుకు వెళ్ళాను."

డాక్టరు నర్సుకు సైగ చేసింది. నర్సు ట్రే తీసుకుని వెళ్ళిపోయింది. నాన్న గోడకు ఆనుకుని, రేపు పొద్దున్నే పరీక్ష అని తనలో తానే రెండుసార్లు అన్నాడు.

అమ్మ కూతుర్ని తిట్టలేదు, కొట్టలేదు. ఆ రెంటిలో ఏది చేసినా సిస్టరమ్మ ఊపిరి పీల్చుకునేది. అమ్మ మంచం పక్కన కూలబడి తండ్రి ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ వేళ్ళను ఒక్కొక్కటే తన మణికట్టు చుట్టూ పెట్టుకోవడానికి చూస్తోంది.

"నన్ను పిలిచాడే" అంది. "అమ్మడూ అని పిలిచాడు. గిన్నెలున్నాయని చెప్పాను."